పక్కవాళ్ల కుప్ప

కిందటి వారం కోడల్ని మేడ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచి ఒంటికాలి మీదే ఉంది. ఈ వారమైనా కిందికి దిగనిద్దాం.

దిగేలోపు జరిగిందేమిటో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఆస్పత్రి బట్టలు ఉతికే ఆ లాండ్రీని మామగారు తన రెక్కల కష్టంతో నిలబెట్టారు. మోకాళ్లు మొరాయించాక అజమాయిషీ అంతా కోడలికి అప్పజెప్పి, హాలు కనబడేలా అద్దం పెట్టించుకున్న మేడ మీది గదిలో కుర్చీకి అతుక్కుపోయారు. వచ్చిన కొత్తలోనే కోడలి కంట ఒక వింత పడింది. రోగులు తొడుక్కునే గౌన్లకు వీపు వెనక కట్టుకునే తాళ్లుంటాయి. యంత్రంలో గిరగిరా తిరిగేసరికి ఆ తాళ్లు ఒకదాన్నొకటి మెలేసుకుని గట్టి ముడులు పడతాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపడంతో లాండ్రీ పని అయిపోయినట్టే. ముడులు విప్పమని ఎవరూ చెప్పలేదు, ఆస్పత్రివాళ్లు అడగనూ లేదు. అయినా ఇక్కడివాళ్లు ప్రతి ముడీ విప్పి, తాళ్లు సాపు చేసి, చేతికి అందేలా మడత మీదికి తెచ్చి మరీ పంపుతున్నారు.

కోడలు మురిసిపోయింది. మురిసిపోయి ఊరుకుంటే మనకీ కథే ఉండేది కాదు. ఇంత మంచి పనికి గుర్తింపు లేకపోతే ఎలా అనుకుని, గోడకు పెద్ద బోర్డు కొట్టించింది. అంతవరకూ ఒకే బల్ల మీద కుప్పలు పోసుకుని కూర్చునేవాళ్లకి తలా ఒక బుట్ట ఇచ్చి, బుట్టకో నంబరు అంటించింది. ఎవరు ఎన్ని విప్పారో సాయంత్రానికల్లా బోర్డు మీద ఎక్కాలి. నెలాఖరుకి పైన ఉన్నవాళ్లకి ఒక రోజు అదనపు సెలవు. మొదట్లో అంతా బ్రహ్మాండంగా ఉంది. ఆ తర్వాత ఆస్పత్రికి ముడుల గౌన్లు వెళ్లడం మొదలైంది. ముడులైనా నయం, తాళ్లు కత్తిరించిన గౌన్లు కూడా వెళ్లాయి. పెద్ద నర్సమ్మ ఫోన్ చేసి, సాయంత్రం నేనే వస్తున్నానని ముక్కు సూటిగా చెప్పింది. ఆస్పత్రి పని పోతే లాండ్రీ సగానికి సగం మూతపడుతుంది. మామగారు అంతా విని, ఒక్క మాటే అన్నారు.

"ఇదంతా ఆవిరక్క పనే. నర్సమ్మ వచ్చేలోపు ఆవిణ్ని పంపించెయ్."

అదిగో, ఆ మాట నోట్లో పెట్టుకునే కోడలు మెట్లు దిగుతోంది. మింగలేదు, కక్కలేదు.

హాల్లో ఎప్పటిలాగే సబ్బు వాసన, వేడెక్కిన నూలు వాసన. చివర్న ఇస్త్రీ రోలరు దగ్గర ఆవిరి మబ్బులా కమ్ముకుని ఉంది. ఆవిరక్క ఉండేది అక్కడే. ముందు గొంతు వినిపిస్తుంది, ఆ తర్వాత మనిషి కనిపిస్తుంది. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో అని అందరూ ఆట పట్టిస్తుంటారు.

"అక్కా, ఒక్క నిమిషం మాట్లాడాలి."

"మాట్లాడండమ్మా. చేతులకే కదా పని, చెవులు ఖాళీగానే ఉన్నాయి." తడి దుప్పటి అంచు పట్టుకుని రోలరులోకి అందిస్తూనే అంది.

"ఇక్కడ కాదు. కాస్త పక్కకి రండి."

ఆవిరక్క దుప్పటి పూర్తిగా లోపలికి పోయేదాకా ఆగి, రోలరు ఆపేసింది. ఆ రోలరు పని మధ్యలో ఆగడం ఎవరూ ఎరగరు. డ్రయ్యర్ల దగ్గర పొడుగాయన తల తిప్పి చూశాడు. మడత బల్ల దగ్గర పిన్ని చూడనట్టు నటించింది. మడతల పిన్ని చూడనట్టు నటించిందంటే అంతా చూస్తున్నట్టే లెక్క.

"పక్కకి పిలిచారంటే పెద్దాయన పంపించెయ్యమన్నాడన్నమాట" అంది ఆవిరక్క, రోలరు పక్కన గోడవార ఉన్న బుట్టల దగ్గరికి వచ్చాక.

కోడలి మొహం పాలిపోయింది. "నాకు పంపించాలని లేదక్కా. తాళ్లు ఎవరు కత్తిరిస్తున్నారో చెప్పండి చాలు. మామయ్యగారితో నేను మాట్లాడుకుంటాను."

"మొదట కత్తిరించింది నేనే."

 ఎవరైనా చేసి ఉండొచ్చు అనుకుంది కోడలు, ఆవిరక్క అని మాత్రం అనుకోలేదు. మీరూ అనుకుని ఉండరు. ఇన్ని వారాలుగా ఆవిణ్ని చూస్తున్నాం కదా, దుప్పటి మీద చిన్న మరక ఉన్నా మళ్లీ ఉతుక్కి పంపే మనిషి.

"నాకే చేతులు వణికాయమ్మా, ఆ కత్తెర పెట్టినప్పుడు" అంది ఆవిరక్క. "ఆ తర్వాత వణకడం మానేశాయి. దానికే ఎక్కువ సిగ్గేస్తోంది."

"మీరెందుకు చేశారక్కా?"

ఆవిరక్క బోర్డు వైపు చెయ్యి చూపించింది. అట్టడుగున ఆవిడ నంబరు. నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. కోడలు రోజూ ఆ బోర్డు చూస్తూనే ఉంది. పైనున్న నంబర్లని చూసి సంతోషపడింది గానీ, కింద ఎవరున్నారో, ఎందుకున్నారో ఆలోచించలేదు. ఇప్పుడు వంగి ఆవిరక్క బుట్టలోంచి ఒక గౌను తీసింది. తాళ్లు రెండూ బిగుసుకుపోయి రాయిలా ఉన్నాయి. ఇంకోటి తీసింది. అదీ అంతే. పక్కనున్న పిన్ని బుట్టలో చెయ్యి పెట్టింది. అందులోవి గోటితో అంటే చాలు, ఊడిపోతున్నాయి.

"గట్టివన్నీ మీ బుట్టలోకే వస్తున్నాయా?"

"ఎప్పుడూ నా దగ్గరికే వచ్చేవి. అది కొత్తేం కాదు. ఇదివరకు వాళ్లకి రానివి నాకిచ్చి, నా రోలరు దగ్గర వాళ్లు నిలబడేవాళ్లు. ఇప్పుడు ఇచ్చేసి వెళ్లిపోతున్నారు. వాళ్లననలేను. నా రోలరు దగ్గర నిలబడితే వాళ్ల బుట్ట సంగతేంటి? ఒక్క గట్టి ముడి మీద నేను కుస్తీ పడేలోపు పిన్ని బుట్ట నిండిపోతుంది. పనికొచ్చి నాలుగు రోజులు కాని పిల్లలు కూడా బోర్డు చూసి నవ్వుకున్నారు. పోనీలే అనుకోవచ్చుగా? అనుకోలేకపోయాను. ఈ వయసులో నాకెందుకమ్మా ఆ పోటీ? కానీ తగులుకుంది."

"మీ అందరి మంచికే అనుకున్నానక్కా."

"తెలుసు. చెడ్డకి పెట్టుంటే మొదటిరోజే పీకి పారేసేవాళ్లం. మంచికని పెట్టారు కాబట్టే ఎలా చెప్పాలో తెలీక చచ్చాం."

కోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, తను మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు అడిగింది. "అసలు ఎవరూ అడక్కుండా ఈ ముడులు ఎందుకు విప్పేవాళ్లక్కా?"

ఆవిరక్క డ్రయ్యర్ల వైపు చూసింది. "ఆ పొడుగాయన పెళ్లానికి నొప్పులొచ్చిన రోజు, ఆయన చేతిలో ఉన్న బట్టలు అక్కడే పడేసి పరిగెత్తాడు. డ్రయ్యర్లు ఆపితే పెద్దాయన ఊరుకుంటాడా? పిన్ని తన మడతలు చూసుకుంటూనే సాయంత్రం దాకా వాటిని చూసుకుంది. ఎవరూ చెప్పలా. ఆ పక్కకీ ఈ పక్కకీ తిరిగి తిరిగి కాళ్లు వాచిపోయాయి పాపం. మర్నాడు ఈయన వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందన్నాడు. ఇంకా ఏదో చెప్పాలని పిన్ని ముందు నిలబడ్డాడు. ఆయనకి మాట తిన్నగా వస్తే కదా! స్టూలు లాక్కుని ఆవిడ గౌన్ల కుప్ప దగ్గర కూర్చుని ముడులు విప్పడం మొదలెట్టాడు."

"అప్పటికి పిన్ని విప్పుతోందా?"

"ఆవిడా నేనూ విప్పేవాళ్లం. పిన్ని వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, గౌను ముడి రాక నర్సులు తంటాలు పడుతుంటే ఆయన చలికి వణుకుతూ నిలబడ్డాడట. అది కళ్లారా చూసొచ్చింది. అదిగో, పొడుగాయన కూర్చున్నాక అందరికీ అదే అలవాటైపోయింది. ఎవరైనా మనకి అక్కరకొస్తే, మర్నాడు వాళ్ల కుప్ప దగ్గర కూర్చుంటాం. మాకు థాంక్స్ చెప్పడం రాదమ్మా. పోట్లాడుకుని మాటలు మానేసినవాళ్లు కూడా అలా వచ్చి కూర్చుంటే మళ్లీ కలిసిపోయినట్టే."

ఆ మాటలు వింటుంటే కోడలికి ఆ హాలు కొత్తగా కనిపించింది. ఇన్నాళ్లూ తను చూసిన ముడులన్నీ ఒకరి రుణం ఒకరు తీర్చుకున్నవేనా! జ్వరం వచ్చినవాళ్ల వాటా ఇంకొకరు మోసినందుకు, బిడ్డ బడిలో పడిపోతే ఒకరు పరిగెత్తినందుకు, ఆఖరికి అలిగినవాళ్లని నవ్వించినందుకు కూడా. దాని పుణ్యమా అని ఊళ్లో ఎవరో రోగి వీపు చలికి వణక్కుండా ఉంది. ఇంత చక్కటి ఏర్పాటు ఎవరూ కూర్చుని ఆలోచించకుండా దానంతటదే పెరిగింది. తను వచ్చి ఎవరి బుట్ట వాళ్లకి పంచిపెట్టింది.

"నేను పని నేర్చుకుంటానని మొదటివారం ఒక కుప్ప వేసుకుని కూర్చున్నాను. నా దగ్గరికి ఎవరూ రాలేదు" అంది మెల్లగా.

"ఎందుకొస్తారు?" ఆవిరక్క గొంతులో ఎత్తిపొడుపు లేదు. "అప్పటికి మీరు ఎవరికేం చేశారని?"

కోడలికి ఆ మాట సూదిలా దిగింది. 

"ఈ రాళ్లలాంటివి మీరెలా విప్పుతారక్కా?" అని మాట మార్చింది.

"లాగకూడదు. లాగేకొద్దీ బిగుస్తుంది. కొనని మెలిపెట్టి, పుల్లలా గట్టిపడ్డాక ముడిలోపలికి నెట్టాలి. నాకు ఒకాయన నేర్పాడు. ఇప్పుడాయన ముడి ముట్టుకోవడం మానేశాడు. ఎవరని అడక్కండి."

అడిగే వ్యవధి కూడా లేకపోయింది. వాకిట్లో కారు ఆగింది.

పెద్ద నర్సమ్మ మనిషి చిన్నదే. నడక మాత్రం వార్డు మొత్తాన్ని వెంటేసుకొచ్చినట్టు ఉంటుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని గౌను మడత బల్ల మీద పరిచింది. వీపు వైపు ఒక తాడు మొదలంటా కత్తిరించి ఉంది.

"దీన్ని ఒక పెద్దాయనకి తొడిగాం. పరీక్ష గదికి నడిపిస్తుంటే, ఆయన ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో వెనకాల గౌను పట్టుకుని నడిచాడు. వరండా నిండా జనం. ఆయన బడి పంతులట. ఆయన దగ్గర చదువుకున్న పిల్ల ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. తిరిగి దండం పెడదామంటే చెయ్యి ఖాళీ లేదు." నర్సమ్మ అందరి మొహాల్లోకీ చూసింది. "ఇది ఎవరు చేశారు?"

డ్రయ్యర్లు కూడా ఆగిపోయాయి. ఆవిరక్క ఒక అడుగు ముందుకు వేసింది. నోరు తెరిచేలోపు కోడలు ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేనండీ" అంది.

నర్సమ్మ ఆమె చేతులకేసి చూసింది. ఆ చేతులు కత్తెర పట్టినవి కావని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

"కత్తెర ఎవరు పట్టుకున్నా, పట్టుకునేలా చేసింది నేను. వీళ్లు ఎవరూ చెప్పకుండానే ఇన్నాళ్లూ మీ గౌన్ల ముడులు విప్పారు. నేనొచ్చి దానికి పోటీ పెట్టాను. ముడి విప్పడం పోయి, బుట్ట నింపడం మొదలైంది. ఆ పంతులుగారికి క్షమాపణ చెప్పాల్సింది నేనే. రమ్మంటే వస్తాను."  వెళ్లి బోర్డు గోడ మీంచి ఊడబెరికింది. ఒక మేకు రాలేదు. బోర్డుతో పాటు సున్నం పెచ్చు ఊడొచ్చింది.

మేడ మీద అద్దం వెనక మామగారు లేచి నిలబడ్డారు. ఆయన లేవడం పిన్ని చూసింది.

"బాగానే ఉంది" అంది నర్సమ్మ. "మీరు బోర్డు పీకితే ఈ గౌనుకి తాడు రాదుగా?"

"రాదండి."

"రేపు పొద్దున మీ వ్యాన్ వస్తుంది. అందులో తాడు లేనిది గాని, ముడి పడింది గాని ఒక్కటి దొరికినా, ఎల్లుండి నుంచి వేరే లాండ్రీ వ్యాన్ వస్తుంది." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఈసారి గొంతు కాస్త తగ్గింది. "గౌను తాళ్లు అందుబాటుగా రావడం మామూలే అనుకున్నాం మేము. ఇక్కడెవరో కూర్చుని విప్పుతున్నారని, అవి రాకుండా పోయాకే తెలిసింది. ముందే తెలుసుకుని ఒక మంచిమాట చెప్పాల్సింది."

ఆమె వెళ్లిన కాసేపటికే పని దిగే గంట మోగింది.

రేపటి గౌన్లు ఇంకా బోలెడు మిగిలాయి. ఉండమని కోడలు అడిగితే బహుశా ఉండేవాళ్లే. కానీ అడిగితే మళ్లీ అది యజమాని మాటే అవుతుంది. అందుకని ఎవరినీ ఏమీ అనలేదు. బుట్టలన్నీ తెచ్చి మడత బల్ల మీద గుమ్మరించింది. రోలరు దగ్గరున్న ఆవిరక్క బుట్ట మాత్రం తేవడం మరిచిపోయింది. స్టూలు లాక్కుని కూర్చుని, మొదటి గౌను తీసి తాడు లాగింది. లాగకూడదని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

వెనకాల సంచులు భుజానికెత్తుకుంటున్న చప్పుడు, చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు. తలెత్తలేదు. తలెత్తితే అడిగినట్టే ఉంటుంది. చప్పుళ్లు గుమ్మం దాటాయి. హాలు సద్దుమణిగింది. ఇంతేనా అనుకుంది కోడలు. ఇంతే అయినా తప్పు పట్టే హక్కు తనకి లేదని కూడా అనుకుంది.

అంతలో నేల మీద స్టూలు కాళ్లు గీసుకుంటూ వచ్చాయి.

"జరగండి" అంది మడతల పిన్ని. వచ్చీరాగానే కోడలి చేతిలోని గౌను లాక్కుంది. "అలా పీకితే రేపటికి కాదు, వచ్చే ఏడాదికి కూడా తెమలదు. అలా చూస్తారేం, గేటు దగ్గర మావాడికి ఇంటి తాళం చెవి ఇచ్చి వచ్చేసరికి ఆలస్యమైంది."

ఆవిడ వెనక పొడుగాయన వచ్చాడు. పొడుగు కాళ్లు మడుచుకుని బల్లకి అవతలి వైపు కూర్చున్నాడు. ఆయన వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు. కోడలి కళ్లు చెమ్మగిల్లి చేతిలో ముడి రెండుగా కనబడింది. చెప్పిన పని కంటే ఎక్కువ జనం ఎందుకు చేస్తారో అని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు లావు పుస్తకాలు రాస్తారట. రాసుకోనిద్దాం. ఆ సాయంత్రం ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లని చూస్తే నాకు మాత్రం లేచి నమస్కారం పెట్టాలనిపించింది.

"ఆవిరక్క ఏది?" అంది కోడలు ఉన్నట్టుండి.

రోలరు దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. కొక్కేనికి ఆవిడ ఆప్రాన్ మడిచి తగిలించి ఉంది, తాళ్లు సాపు చేసి పైకి కనబడేలా. రేపు ఇంకెవరో కట్టుకోవడానికి వీలుగా.

అందరి చేతులూ ఆగాయి. అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడైంది. మామగారు ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు. డాక్టరు దిగొద్దన్నాక ఆయన ఆ మెట్ల మీద కాలు పెట్టలేదు. పట్టుకోవడానికి కోడలు పరిగెత్తబోతే చేత్తోనే వారించారు. బల్ల దగ్గరికి రాలేదు. తిన్నగా రోలరు దగ్గరికి వెళ్లి, ఖాళీ స్టూలుని ఆవిరక్క బుట్ట పక్కకి జరుపుకుని కూర్చున్నారు. బుట్టలోంచి ఒక గౌను తీశారు. రాయిలాంటి ముడి. తాడు కొనని రెండు వేళ్ల మధ్య మెలిపెట్టారు. గట్టిపడేదాకా మెలిపెట్టి, లోపలికి నెట్టారు. ముడి విడిపోయింది.

"మామయ్యగారూ! అక్కకి నేర్పింది మీరేనా?"

"నేనే." ఆయన తల ఎత్తలేదు. "ఒకప్పుడు నాకూ ఇక్కడో స్టూలుండేది. ఒకసారి తప్పు చేశాను. చిన్నది కాదు. ఇందాక నువ్వు నిలబడ్డావే, ఆ బల్ల దగ్గరే ఆస్పత్రివాళ్లు అందర్నీ నిలబెట్టి అడిగారు, ఎవరు చేశారని. నువ్వు అన్నట్టు నేనండీ అనలేకపోయాను. ఆవిడ అంది."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడకీ ఇది తెలియదు.

"మర్నాడు వచ్చి ఈ కుప్ప దగ్గర కూర్చుంటే సరిపోయేది. సిగ్గేసి రాలేదు. రాను రాను ఆవిడ మొహం చూడటమే కష్టమైపోయింది. ఆ కష్టానికి కోపమని పేరు పెట్టుకున్నా." ఇంకో గౌను తీసుకున్నారు.  "ఏ తప్పు అని అడక్కు. ఆవిడ ముందే చెప్తా. నువ్వు వెళ్లు. బస్సెక్కక ముందే పట్టుకో."

కోడలు పరిగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు దాటి, మలుపు తిరిగేసరికి బస్సు ఆగి ఉంది. ఆవిరక్క సంచి చంకలో పెట్టుకుని, ఒక కాలు మెట్టు మీద వేసింది.

"అక్కా! ఆగండి! మామయ్యగారు కిందికి దిగొచ్చారు. స్టూలేసుకుని కూర్చున్నారు!"

ఆవిరక్క కడ్డీ పట్టుకునే వెనక్కి తిరిగింది.  మెల్లగా అడిగింది.

"ఎవరి కుప్ప దగ్గర?"

"మీ కుప్ప దగ్గరే అక్కా."

ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. ఆవిరక్క అలాగే నిలబడిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు తల బయటికి పెట్టి విసుక్కున్నాడు.

"ఏమ్మా, ఎక్కుతావా, దిగుతావా?"